పాలసీసా మీద గీతలు

ఈ పేజీకి మామూలుగా వచ్చే ప్రశ్నలు వేరు. ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతోంది, పిల్లల ఫోనుకి తాళం ఎలా వెయ్యాలి, ఏ కోర్సు చేస్తే మావాడికి ఉద్యోగం వస్తుంది, ఇలాంటివి. ఈసారి మాత్రం మూడు వేర్వేరు ఇళ్ళనుంచి ఒకటే ప్రశ్న వచ్చింది: నెలల పిల్లకి రోజుకి ఎన్ని పాలు పట్టాలి?

నేను డాక్టర్ని కాను. అయినా ఈ ప్రశ్న నాదాకా రావడానికి కారణం ఉంది. మూడు ఇళ్ళలోనూ పాల లెక్క ఎక్సెల్ షీటులోనో ఫోన్ యాప్‌లోనో ఎక్కింది. షీటేమో పాలు తక్కువంటోంది, పిల్లేమో బోసినవ్వులు నవ్వుతోంది. షీటుని నమ్మాలా, పిల్లని నమ్మాలా అని అడిగారు. నా ఓటు పిల్లకే. అయితే ఊరికే ఓటేస్తే సరిపోదు కాబట్టి, చదివి, తెలిసిన పిల్లల డాక్టర్లని అడిగి, లెక్క చూసి రాస్తున్నాను.

పుట్టిన బిడ్డ మొదటి ఇరవైనాలుగు గంటల్లో ఒక్కోసారికి తాగేది 2 నుంచి 10 మి.లీ. అంటే ఎంత ఎక్కువనుకున్నా రెండు టీస్పూన్లు. రెండోరోజు 5 నుంచి 15, మూడోరోజు 15 నుంచి 30, నాలుగోరోజుకి 30 నుంచి 60 దాకా వస్తుంది. మన ఇళ్ళలో ఉగ్గుగిన్నె అని ఒకటుండేది, వెండిదో ఇత్తడిదో, ముక్కున్న బుల్లిగిన్నె. చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ అటకమీద ఎక్కడో ఉంటుంది. అది అంత చిన్నదెందుకో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. తమిళులు దాన్నే పాలాడై అంటారు. రొమ్ము పట్టి తాగలేని పసికందులకి మనదేశంలో ఆస్పత్రుల్లో ఈనాటికీ అలాంటి గిన్నెతో పాలు పడుతున్నారు.

ఆ మొదటి రెండుమూడు రోజుల పాలే ముర్రుపాలు. ఆవు ఈనిందంటే జున్నుపాలకోసం వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చేది. అదే ఇంట్లో కోడలు కంటే మాత్రం ముర్రుపాలు పిండి పారబోయించి, బిడ్డకి తేనె నాకించేవాళ్ళు. ఈ న్యాయం నాకెప్పుడూ బోధపడలేదు. పోనీ పాతకాలం సంగతి అందామా అంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పుట్టిన గంటలోపల తల్లిపాలు అందిన పిల్లలు దేశం మొత్తంమీద 41.8 శాతమే. (తేనె ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఒక్కోసారి ఉండే బాక్టీరియా పసిపేగుల్లో పెరిగి బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తుంది.)

మొదటి రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గుతుంది. పుట్టినప్పటి బరువులో 7 శాతం, ఒక్కోసారి 10 శాతం దాకా. అంతకు మించితే డాక్టరు చూడాలి. రెండువారాలకల్లా పుట్టినప్పటి బరువు మళ్ళీ రావాలి. ఈ తగ్గుదల చూసి "అయ్యో, తల్లికి పాలు పడలేదు" అని మూడోరోజే డబ్బా తెరిచేస్తారు కొందరు.

ఇక నెల దాటినవాళ్ళ సంగతి. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు 71 మంది తల్లులు పాలిచ్చే ముందూ తర్వాతా పిల్లల్ని తూచి, రోజంతా ఎంత తాగుతున్నారో లెక్క కట్టారు. అందరూ ఒకటినుంచి ఆరు నెలల పిల్లలు, తల్లిపాలు తప్ప వేరే ఏమీ తాగనివాళ్ళు. సగటున రోజుకి 788 గ్రాములు తేలింది, గ్రాము ఇంచుమించు ఒక మి.లీ. అనుకోండి. కానీ సగటు చూసి ఆగిపోకండి. ఒక పిల్ల సుమారు 450 తాగితే ఇంకో పిల్ల 1200 తాగింది. ఇద్దరూ ఆరోగ్యంగానే పెరిగారు. ఒకరు రోజుకి ఆరేడుసార్లు తాగితే, ఇంకొకరు పద్దెనిమిదిసార్లు తాగారు. వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి: నెల పిల్లకీ ఆరునెలల పిల్లకీ రోజు మొత్తంమీద తాగే పాలలో చెప్పుకోదగ్గ తేడా లేదు! పిల్ల పెరుగుతున్నకొద్దీ పాలూ పెరగాలి కదా అనిపిస్తుంది. పెరిగే వేగం తగ్గుతుందన్న సంగతి మనం మరిచిపోతాం. మొదటి రెండు నెలల్లో రోజుకి 30 గ్రాముల చొప్పున పెరిగే పిల్ల, అయిదారు నెలలకి అందులో సగమే పెరుగుతుంది. ఒళ్ళు పెద్దదైనందుకు కావలసిన ఎక్కువ, పెరుగుదల తగ్గినందుకు మిగిలిన తక్కువ, రెండూ దాదాపు సరికి సరి.

డబ్బా పాలకి లెక్క వేరు. కిలో బరువుకి రోజుకి సుమారు 150 మి.లీ. మొత్తం 960 దాటితే ఒకసారి డాక్టరుతో మాట్లాడమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. పిల్లలూ, ఈ లెక్కన 60 కిలోలున్న మీ నాన్న రోజుకి 9 లీటర్ల పాలు తాగాలి. ఒకసారి అడిగి చూడండి.

చిక్కంతా ఎక్కడొస్తోందంటే, డబ్బా వెనక ముద్రించిన పట్టిక తీసుకెళ్ళి తల్లిపాలకి అంటిస్తున్నారు. పట్టికలో వయసుతోపాటు అంకె పెరుగుతూ పోతుంది. తల్లిపాలు అలా పెరగవు. సీసామీద గీతలేమో 240 దాకా ఉంటాయి. గీత ఉంది కాబట్టి అక్కడిదాకా నింపాలి, నింపాం కాబట్టి తాగించాలి! ఆ గీతలు సీసా ఎంత పడుతుందో చెబుతాయి గానీ, పిల్ల పొట్ట ఎంత పడుతుందో చెప్పవు.

ఆ మూడు ఇళ్ళలో ఒక ఇంటి సంగతి, వాళ్ళ అనుమతితో, పేర్లు లేకుండా చెబుతాను. గుదైబియాలో ఉంటారు. అమ్మాయి అకౌంటెంటు, కాన్పు సెలవు అయిపోయి ఆఫీసుకి వెళుతోంది. అత్తగారు రాజమండ్రినుంచి విజిట్ వీసామీద వచ్చి మనవరాలిని చూసుకుంటున్నారు. అమ్మాయి పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళుతుంది. అత్తగారు సీసాతో పట్టి, ఎంత తాగిందీ కాయితంమీద రాస్తారు. అబ్బాయి రాత్రికి వాటిని షీటులోకి ఎక్కిస్తాడు. పాపకి పదోవారం. రోజు మొత్తం 340, 360, 330. డబ్బామీది పట్టికలో ఆ వయసుకి రాసినదాంట్లో సగానికి అటూ ఇటూ. షీటు మొత్తం ఎర్రరంగు. ఊరినుంచి ఫోనులో నాలుగు గొంతులు, "తల్లి ఆఫీసులో ఉంటే పాలెక్కడ పడతాయమ్మా" అని. అమ్మాయి రాజీనామా ఉత్తరం టైపు చేసి డ్రాఫ్ట్‌లో పెట్టుకుంది. ఇద్దరి జీతంమీద తీసుకున్న ఫ్లాటు, ఊళ్ళో కడుతున్న లోను, అన్నీ ఆ ఉత్తరం మీద వేలాడుతున్నాయి.

షీటు నాకు పంపారు. సాయంత్రం ఆరునుంచి పొద్దున్న ఎనిమిది దాకా గళ్ళన్నీ సున్నాలే.

"రాత్రిళ్ళు పాప తాగదా?" అన్నాను.

"ఎందుకు తాగదండీ! మూడు నాలుగుసార్లు లేస్తుంది. పొద్దున్నే ఇంకోసారి, వాళ్ళమ్మ ఆఫీసునుంచి రాగానే ఒకసారి. అవి కొలవడం కుదరదు కదండీ, అందుకని సున్నా వేశాను" అన్నాడు.

డేటాబేసుల్లో సున్నా వేరు, ఖాళీ వేరు. సున్నా అంటే కొలిచాం, ఏమీ లేదని. ఖాళీ అంటే అసలు కొలవలేదని. మా వృత్తిలోకి వచ్చిన పిల్లలకి మొదటి వారమే ఇది చెబుతాం, అయినా ఏటా ఒకడైనా ఖాళీల్లో సున్నాలు నింపి లాభాల్లో ఉన్న కంపెనీని నష్టాల్లో చూపిస్తాడు. ఈ ఇంట్లో సగానికి పైగా పాలు ఆ ఖాళీ గళ్ళలో ఉన్నాయి.

సీసా లెక్కకి వేరే కొలత ఉంది. తల్లి బయట ఉన్న గంటకి 30 నుంచి 45 మి.లీ. చొప్పున పాలు ఉంచితే చాలంటారు. ఎందుకో మీరే చూడండి: రోజుకి 750 అనుకుని 24తో భాగిస్తే గంటకి 31 వస్తుంది. అమ్మాయి ఇంట్లో లేనిది పది గంటలు. అంటే 300 నుంచి 450. పాప తాగుతున్నది 340. దీంట్లో ఎర్రరంగు వెయ్యాల్సిందేముంది?

రాత్రి ఎంత తాగుతోందో మనకి తెలీదు, తెలుసుకునే అవసరం కూడా లేదు. ప్రోగ్రాము లోపల ఏం జరుగుతోందో చూడలేనప్పుడు మేం బయటికి వచ్చేదాన్ని చూస్తాం. పిల్లల విషయంలో బయటికి వచ్చేది రెండు చోట్ల కనిపిస్తుంది, డైపర్లో, తూకంలో. అయిదోరోజు దాటాక రోజుకి ఆరో అంతకంటే ఎక్కువో బరువుగా తడిసిన డైపర్లు ఉండాలి. ఈ పాపకి ఏడెనిమిది. పుట్టినప్పుడు 2.9 కిలోలు, పదోవారంలో హెల్త్ సెంటర్‌లో తూచితే 4.7. డాక్టరు చూసి, పాప చక్కగా ఉంది వెళ్ళండి అన్నారట. ఇక షీటులో డైపర్లు మాత్రం రాయమన్నాను. "డైపర్లు లెక్కపెట్టమంటే పెడతాను బాబూ, అది సుఖమే" అన్నారు అత్తగారు. రాజీనామా డ్రాఫ్ట్ ఏమైందో నేను అడగలేదు. అమ్మాయి ఇప్పటికీ ఆఫీసుకి వెళుతోంది.

తూకం అన్నాను కదా, ఆ బరువు చుక్కలు పెట్టే పట్టికకి కూడా ఒక కథ ఉంది. ప్రపంచంలో చాలా దేశాలు ఏళ్ళతరబడి వాడింది 1977 నాటి అమెరికా పట్టిక. రెండేళ్ళలోపు పిల్లల కొలతలు అందులో ఒహాయో రాష్ట్రంనుంచి తీసుకున్నవి, ఆ పిల్లల్లో ఎక్కువమంది సీసా పాలు తాగినవాళ్ళు. తల్లిపాలు తాగే పిల్లలు మొదట్లో బాగా పెరిగి, మూడు నాలుగు నెలల తర్వాత కొంచెం నెమ్మదిస్తారు. ఆ పట్టికలో చూస్తే వాళ్ళు జారిపోతున్నట్టు కనిపించేది. దానితో పాలు చాలడం లేదని డబ్బా రాసేవాళ్ళు. చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో, తల్లిపాలు తాగే పిల్లల్ని కొలిచి, 2006లో కొత్త పట్టిక విడుదల చేసింది. బ్రెజిల్, ఘనా, నార్వే, అమెరికాలతోపాటు ఆ ఆరింటిలో ఇండియా, ఒమన్ ఉన్నాయి. ఢిల్లీ పిల్లలు, మస్కట్ పిల్లలు! మనకి ఇంతకంటే దగ్గర కొలబద్ద దొరకదు. మీ పాప బరువు ఏ పట్టికలో చూస్తున్నారో ఒకసారి అడగండి.

డబ్బా పాలు పట్టేవాళ్ళు తప్పు చేస్తున్నారని నేననడం లేదు. కొందరికి పాలు నిజంగానే చాలవు, కొందరు మందులు వాడుతుంటారు, కొందరి పరిస్థితులు వాళ్ళవి. వాళ్ళు కొలత విషయంలో ఒక్కటి చూసుకోవాలి. కొన్ని డబ్బాలకి 30 మి.లీ. నీళ్ళకి ఒక చెంచా, కొన్నింటికి 60కి ఒక చెంచా. ఊరినుంచి తెచ్చిన డబ్బా అయిపోయి ఇక్కడ వేరే డబ్బా కొన్నారనుకోండి, చెంచా మాత్రం పాతదే వాడితే పాలు సగం పలచనైనా అవుతాయి, రెట్టింపు చిక్కనైనా అవుతాయి. 1999లో నాసావాళ్ళ అంగారక నౌక ఒకటి ఇలాగే, ఒక బృందం పౌండ్లలో, ఇంకో బృందం న్యూటన్లలో లెక్క వేసుకున్నందువల్ల పోయింది. అమెరికాలో ఉన్న పెద్దమ్మ కూతురు ఫోనులో "నాలుగు పట్టు" అంటే అవి ఔన్సులు. ఔన్సుకి 30 మి.లీ. డబ్బా ఎక్కువరోజులు రావాలని నీళ్ళు ఎక్కువ కలపడం మరీ ప్రమాదం. పిల్ల ఒంట్లో ఉప్పు పలచబడి మూర్ఛలు రావచ్చు. నీళ్ళు బాగా మరిగించి, 70 డిగ్రీలకంటే చల్లారకముందే పొడి కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టాలి. రెండు గంటల్లో తాగని పాలు పారబోయాలి.

ఇక ఎండాకాలం నీళ్ళ సంగతి. బహ్రెయిన్ వేసవి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. జులై ఆగస్టుల్లో లిఫ్టు దిగి కారుదాకా నడిస్తే చొక్కా తడిసిపోతుంది. "మనకే నాలిక పిడచకట్టుకుపోతుంటే, పసిదానికి గుక్కెడు నీళ్ళు పొయ్యరా?" అని పెద్దవాళ్ళు అనడంలో ప్రేమే ఉంది. కానీ తల్లిపాలలో 87 శాతానికి పైగా నీళ్ళే. 1991లో ఢిల్లీ డాక్టర్లు నడి వేసవిలో, 34 నుంచి 41 డిగ్రీల వేడిలో, దీన్ని పరీక్షించారు. కొందరు పిల్లలకి తల్లిపాలు మాత్రమే, కొందరికి పాలతోపాటు నీళ్ళు. మూత్రం, బరువు, ఒంటి వేడి, అన్నీ చూశారు. నీళ్ళు తాగినవాళ్ళకి ఒరిగిందేమీ లేదు. పైగా నీళ్ళు తాగిన మేరకి పాలు తక్కువ తాగారు. రెండు టీస్పూన్లతో మొదలైన పొట్టలో 50 మి.లీ. నీళ్ళు చేరితే పాలకి చోటెక్కడ? ఆరునెలలు నిండేదాకా నీళ్ళు వద్దు. గ్లూకోజు నీళ్ళూ వద్దు, పలచన చేసిన ఆవుపాలూ వద్దు. ఎండ ఎక్కువైతే పిల్ల మామూలుకంటే ఎక్కువసార్లు అడుగుతుంది, అడిగినప్పుడల్లా ఇస్తే సరి. ఆ నీళ్ళేవో తల్లికి తాగించండి. మన ఇళ్ళలో బాలింతకి దాహమేసినా నీళ్ళు లెక్కపెట్టి ఇచ్చే ఆచారం ఒకటుంది, ఈ ఊళ్ళో అది మరీ అన్యాయం.

ఉద్యోగం చేసే తల్లులకోసం ఒక మాట. ఇక్కడి ప్రైవేటు రంగానికి వర్తించే 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టంలో, 60 రోజుల జీతంతో కూడిన కాన్పు సెలవు, కావాలంటే ఇంకో 15 రోజులు జీతం లేకుండా, ఇది చాలామందికి తెలుసు. తెలియనిది దాని తర్వాతది. బిడ్డకి ఆరునెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి గంటకి తక్కువ కాకుండా విరామం ఇవ్వాలి. ఆ తర్వాత ఏడాది నిండేదాకా అరగంట చొప్పున రెండుసార్లు. అది పనిగంటల్లో భాగమే, జీతం కొయ్యకూడదు. రెండు గంటలూ కలిపి తీసుకుని త్వరగా ఇంటికి రావచ్చు కూడా. నేను చూసిన ఆఫీసుల్లో ఇది అడిగి తీసుకున్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళకి మాత్రం ఈ నిబంధన వర్తించదు. బిడ్డని ఊళ్ళో తల్లి దగ్గర వదిలి, ఇక్కడ ఇంకొకరి బిడ్డకి సీసా పట్టే తెలుగు తల్లులు ఎందరున్నారో మనకందరికీ తెలుసు.

పిండిన పాలు 25 డిగ్రీలు దాటని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. గది అంటే ఏసీ గది. పార్కింగ్‌లో పెట్టిన కారు గది కాదు, ఐస్ ప్యాకులున్న సంచీ తప్పనిసరి.

షీటు, ఫోను, ఈ పేజీ అన్నీ పక్కన పడేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన సందర్భాలు కూడా రాయాలి. వారం దాటిన బిడ్డకి రోజుకి ఆరు తడి డైపర్లు రాకపోతే. రెండువారాలకి పుట్టినప్పటి బరువు రాకపోతే. పాలకి లేపినా లేవకుండా మత్తుగా పడుకుంటే, లేదా తాగడం మానేస్తే. కళ్ళు, ఒళ్ళు పసుపుపచ్చగా కనిపిస్తే. మూడు నెలల్లోపు పిల్లకి జ్వరం 38 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా సరే. ఊపిరి ఆడకపోయినా, మూర్ఛ వచ్చినా 999.

పిల్లలకి ఈసారి లెక్క. తమ్ముడి బరువు 6 కిలోలు, డబ్బా పాలు తాగుతాడు. కిలోకి 150 మి.లీ. చొప్పున, రోజుకి అయిదుసార్లు. ఒక్కోసారికి ఎన్ని మి.లీ.? 60కి ఒక చెంచా డబ్బా అయితే రోజుకి ఎన్ని చెంచాల పొడి కావాలి? రెండో ప్రశ్న: పక్కింటి పాపాయి కూడా సరిగ్గా 6 కిలోలే, అమ్మ పాలు తాగుతుంది. ఆ పాపాయి రోజుకి ఎన్ని పాలు తాగుతుంది? మొదటిదాని జవాబు వచ్చే సంచికలో. రెండోదానికి కాలిక్యులేటర్ తీసిన ప్రతి ఒక్కరికీ సున్నా మార్కులు. ఖాళీగా వదిలేసినవాళ్ళకి నూటికి నూరు.